కీమోలో అమ్మ నీరసాన్ని కొలవడం ఎలా? అడిగిన ప్రతిసారీ "మూడు" అంటోంది

కృష్ణాతీరం | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్. 56 ఏళ్ళు, తెనాలిలో ఉంటుంది. ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. 21 రోజులకొకసారి ఏసీ అనే కీమో, అదే ఎర్ర మందు ఉన్నది. అది నాలుగు సైకిళ్ళు, అంటే నాలుగు విడతలు, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అన్నారు. రెండు అయ్యాయి, మూడోది వచ్చే వారం.

కీమో ఎక్కించే ముందు ఒక అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చి "అమ్మా, నీరసం సున్నా నుంచి పదిలో ఎంత?" అని అడుగుతుంది. అమ్మ "మూడు" అంటుంది. రెండుసార్లూ మూడే. ఆ అమ్మాయి రాసుకుని వెళ్ళిపోతుంది. ఇంట్లో నేను చూసేది వేరు. కీమో అయిన మూడో రోజు నుంచి బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకునే నడుస్తోంది. అన్నం కలిపి ముద్ద నోట్లో పెడితే "నమిలే ఓపిక లేదురా" అంది. ఇది మూడు ఎలా అవుతుంది?

ఆ నంబరుకి నిజంగా విలువ ఉందా, లేక ఫైలు నింపడానికేనా? బీపీ, షుగర్ చూసినట్టు నీరసాన్ని చూసే పరీక్ష ఏమైనా ఉందా? అమ్మ బదులు నేను నంబరు చెప్పొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

మామూలు మనిషి | ఆదివారం రాత్రి 10:05

కీమో అన్నాక నీరసం ఉంటుంది, అందులో కొలవడానికేముంది తమ్ముడూ. మా బాబాయికి కీమో జరిగినన్నాళ్ళూ బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం, నాటుకోడి సూప్ ఇచ్చాం. లేచి తిరిగాడు. నంబర్లు అడిగి అడిగి మనిషిని ఇంకా రోగిష్టిని చేస్తారు. ఆవిడని ప్రశాంతంగా ఉండనివ్వండి.

వార్డు సిస్టర్ | ఆదివారం రాత్రి 11:20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. విశాఖలో కీమో డే కేర్‌లో నర్సుగా పనిచేస్తానండి.

కృష్ణాతీరం గారూ, మీ చివరి ప్రశ్నకి ముందు చెప్తాను. ఆవిడ బదులు మీరు నంబరు చెప్పకండి. ఆ నంబరు ఆవిడది. మీరు చూసింది మీ మాటగా విడిగా చెప్పండి, అది కూడా మాకు కావాలి. గోడ పట్టుకుని నడుస్తోంది, నమలలేకపోయింది అన్న రెండు మాటలు డాక్టర్ గారి చెవిన పడితే చాలా ఉపయోగం. కానీ రెండూ కలిపేస్తే ఏది ఎవరి మాటో తెలియకుండా పోతుంది. ఇంట్లోవాళ్ళు మామూలుగా రోగి చెప్పేదానికన్నా ఎక్కువ వేస్తారు. డాక్టర్లూ మేమూ తక్కువ వేస్తాం. ఇది మా వార్డు సంగతే కాదు. 1997లో అమెరికాలో వచ్చిన ఒక సర్వేలో రోగుల్లో 61 శాతం మంది మా రోజువారీ బతుకుని నొప్పికన్నా నీరసమే ఎక్కువ దెబ్బతీస్తోంది అన్నారు. అదే ప్రశ్నకి నీరసం అన్న క్యాన్సర్ డాక్టర్లు 37 శాతమే. ఎక్కువ మంది నొప్పే అనుకున్నారు.

పరీక్ష అంటారా, నీరసాన్ని చూపించే రక్తపరీక్ష లేదండి. హిమోగ్లోబిన్ ఒక కారణం మాత్రమే. 12 ఉండి మంచం దిగనివాళ్ళున్నారు, 9 ఉండి బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. అందుకే మనిషిని అడగాల్సి వస్తుంది.

ఇక ఆ సున్నా నుంచి పది ఊరికే పెట్టింది కాదు. ఎన్‌సీసీఎన్ అని అమెరికాలో క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఉంది, వాళ్ళ పద్ధతి ప్రకారం 1 నుంచి 3 తక్కువ, 4 నుంచి 6 మధ్యస్థం, 7 నుంచి 10 తీవ్రం. 4 గానీ ఆ పైన గానీ చెప్తే కారణం ఏమిటని వెతకాలి. అమ్మగారు మూడు అన్నారు కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. అక్కడే ఉంది చిక్కంతా.

అమీర్‌పేట్ సాస్ | సోమవారం ఉదయం 7:15

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ (మందుల్ని రోగుల మీద పరీక్షించే అధ్యయనాలు) డేటా మీద సాస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామింగ్ చేస్తాను. రోగులు నింపిన ఇలాంటి ఫారమ్‌ల స్కోర్లు లెక్కకట్టడం నా పని.

> ప్రతిసారీ "మూడు" అంటోంది

ఏ రోజు అడిగారో చూడండి. కీమోకి ముందు, అంటే సైకిల్‌లో ఆఖరి రోజు. ఏసీ లాంటి మందుకి నీరసం మొదటి వారంలోనే, అందులోనూ మూడో రోజు నుంచి ఐదారు రోజుల దాకా గట్టిగా ఉంటుంది. తర్వాత మెల్లమెల్లగా తగ్గుతుంది. 21వ రోజుకి వచ్చేసరికి ఆ సైకిల్ మొత్తంలో మనిషి కాస్త తేరుకున్న రోజు అదే. తేరుకుంది కాబట్టే కీమో ఎక్కిస్తున్నారు. ఆ రోజు "ఇప్పుడు ఎంత" అంటే మూడే వస్తుంది. అమ్మగారు దాచిందేమీ లేదు.

"గడిచిన వారంలో ఎలా ఉంది" అని అడిగే ఫారమ్ ఇచ్చినా ఇదే గతి. ఆ వారం అంటే 15 నుంచి 21 దాకా. గోడ పట్టుకుని నడిచిన వారం ఏ కాగితంలోకీ ఎక్కదు. రెండు మందుల్ని పోల్చే పెద్ద ట్రయల్స్‌లోనూ ఇదే గొడవ. ఫారమ్ ఎంత మంచిదైనా, ఆసుపత్రికి వచ్చిన రోజే నింపిస్తే ఇద్దరు రోగులూ బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. నన్నడిగితే ఏ స్కేలు వాడాలి అన్నది రెండో ప్రశ్న. ఏ రోజున అడగాలి అన్నది మొదటిది.

కాబట్టి ఇంట్లో రాయండి. రోజూ ఒకే వేళకి. రాత్రి అన్నం తిన్నాక అయితే గుర్తుంటుంది.

ఆరో సైకిల్ | సోమవారం మధ్యాహ్నం 1:30

కరీంనగర్. గవర్నమెంటు స్కూల్ టీచర్‌ని. నా సైకిళ్ళన్నీ అయిపోయాయి, పేరు అందుకే.

తమ్ముడూ, నంబరు అడిగినప్పుడు పక్కన ఎవరున్నారన్నది కూడా చూడు. మా ఆయన పక్కనుంటే నాలుగు అనేదాన్ని, ఆయన బిల్లు కట్టడానికి వెళ్తే ఏడు అనేదాన్ని. ఆయన ముఖం చూస్తూ ఏడు అనడం నా వల్ల కాలేదు. మీ అమ్మ కొడుకు ముందు ఎనిమిది అంటుందా?

ఇంకోటి. ఇది పని చేసి అలిసిపోవడం లాంటిది కాదు. రాత్రంతా పడుకుని లేచినా తగ్గదు. కొన్ని రోజులు కాళ్ళు బాగానే ఆడేవి, బుర్ర మాత్రం పనిచేసేది కాదు. జవాబు పత్రాలు ముందేసుకుని కూర్చుంటే అదే లైను మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం మామూలైపోయింది. దీన్ని సున్నా నుంచి పదిలో ఎక్కడ పెట్టమంటారు? అడిగేవాళ్ళకి ఒక్క నంబరు కావాలి, నా దగ్గర రెండున్నాయి.

అమీర్‌పేట్ సాస్ | సోమవారం రాత్రి 8:50

మేడం, మీరన్నది ఆ రంగంలోవాళ్ళు చాలా ఏళ్ళుగా కొట్టుకుంటున్న విషయం. 1995లో నెదర్లాండ్స్‌వాళ్ళు ఎంఎఫ్ఐ అని 20 ప్రశ్నల ఫారమ్ తెచ్చారు. అందులో మొత్తంగా నీరసం, ఒంటి నీరసం, బుర్ర నీరసం, పనులు తగ్గిపోవడం, ఏదీ చేయాలనిపించకపోవడం అని ఐదు స్కోర్లు విడివిడిగా వస్తాయి. మీకు ఒంటికి తక్కువ, బుర్రకి ఎక్కువ వచ్చేది. పైపర్ స్కేలు అని 22 ప్రశ్నలది ఇంకోటి ఉంది. పరిశోధనకి ఇవన్నీ బావుంటాయి. కీమో అయిన నాలుగో రోజున 22 ప్రశ్నలు నింపమంటే మాత్రం నింపేవాళ్ళు ఎవరో నాకు తెలియదు. నింపగలిగినవాళ్ళ నీరసమే మన లెక్కలోకి వస్తుంది.

ఇంట్లో వాడుకోవడానికి నాకు నచ్చింది హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌వాళ్ళు 1999లో ప్రచురించిన బ్రీఫ్ ఫటీగ్ ఇన్వెంటరీ. తొమ్మిదే ప్రశ్నలు, అన్నీ 0 నుంచి 10. మొదటి మూడు నీరసం ఎంతో అడుగుతాయి: ఇప్పుడు ఎంత, గడిచిన 24 గంటల్లో మామూలుగా ఎంత, అదే 24 గంటల్లో అన్నిటికన్నా ఎక్కువైనప్పుడు ఎంత. మిగతా ఆరు, నీరసం దేనికి అడ్డొచ్చింది అని. మొత్తం మీద రోజు గడవడం, మనసు, నడక, ఇంటిపనితో కలిపి మామూలు పని, నలుగురితో మెలగడం, జీవితంలో సంతోషం. తొమ్మిదింటి సగటే స్కోరు. "ఎక్కువైనప్పుడు ఎంత" అన్న ఒక్క ప్రశ్నకే 7 గానీ ఆ పైన గానీ వస్తే తీవ్రం అని లెక్క.

ఇందులో గమ్మత్తు ఆ ఆరు ప్రశ్నల్లో ఉంది. "నీరసం ఎంత" అంటే మూడు అనే మనిషే "ఇంటిపనికి ఎంత అడ్డొచ్చింది" అంటే ఎనిమిది అంటారు. మొదటిది ఫిర్యాదులా అనిపిస్తుంది, రెండోది వంట గురించి మాట్లాడినట్టు ఉంటుంది కదా.

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 10:10

సాస్ గారూ, ఇది చదివి ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. "నీరసం ఎంతుంది" అంటే "ఫరవాలేదు, మూడు". "వంటింటి పని ఎంత ఆగిపోయింది" అంటే "ఇంకెక్కడి వంటిల్లు, మీ పిన్నే చేస్తోంది, తొమ్మిది" అంది. నాకు నోట మాట రాలేదు.

ఆరో సైకిల్ అక్కా, మీరన్నది నిజమే. ఈసారి నంబరు అడిగేటప్పుడు నేను బయటికి వెళ్తాను.

స్టెప్ కౌంట్ | మంగళవారం ఉదయం 6:30

ఇంత గొడవ ఎందుకు బ్రో, చేతికి ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ కట్టండి. అడుగులు ఎన్ని, నిద్ర ఎంత అన్నీ అదే రాసుకుంటుంది. పక్కన ఎవరున్నారు, సిగ్గు, మొహమాటం ఏమీ ఉండవు.

వార్డు సిస్టర్ | మంగళవారం మధ్యాహ్నం 3:00

బ్యాండ్ మంచిదేనండి, మా దగ్గర కొందరు పెట్టుకుని వస్తున్నారు. కానీ అది చెప్పేది ఆవిడ ఎంత నడిచారో, ఎంత ఓపికతో నడిచారో కాదు. ఇంట్లో చుట్టాలు వచ్చారని పళ్ళు బిగబట్టి తిరిగిన రోజు అడుగులు పెరుగుతాయి, నీరసమూ పెరుగుతుంది. వర్షం పడి ఇంట్లోనే కూర్చున్న రోజు రెండూ తగ్గుతాయి. పరిశోధనల్లో చేతికి కట్టే యంత్రాలు వాడతారు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తారు. అవి శరీరం ఎంత చేయగలదో చెప్తాయి. రోగి చెప్పే నంబరుతో అవి అంత గట్టిగా కలవవు. కలవలేదని ఒకటి తప్పు కాదు, రెండూ రెండు సంగతులు.

పాత స్టెతస్కోప్ | మంగళవారం సాయంత్రం 5:45

రిటైరైన జనరల్ ఫిజీషియన్‌ని. ఆంకాలజీ నా రంగం కాదు కానీ కీమో చేయించుకునేవాళ్ళు ఇంటి దగ్గర జ్వరానికీ నీరసానికీ మొదట వచ్చేది మా దగ్గరికే.

కొలవడం బాగానే ఉంది. కొలిచాక ఏం వెతకాలో కూడా చెప్పుకుందాం. హిమోగ్లోబిన్ సరే, అది ఎలాగూ చూస్తారు. ఏడెనిమిదికి పడిపోతే రక్తం ఎక్కించే ఆలోచన చేస్తారు. రక్తం పెరిగే ఇంజెక్షన్లున్నాయి కదా అని కొందరు అడుగుతారు. జబ్బు పూర్తిగా నయం చేయాలని ఇస్తున్న కీమోలో వాటిని వాడకూడదన్నది మార్గదర్శకం. థైరాయిడ్, సోడియం, పొటాషియం చూడాలి. నిద్ర, నొప్పి, దిగులు, తిండి, నీళ్ళు తాగడం, విరేచనాలు ఇవన్నీ అడగాలి. 100.4 గానీ ఆ పైన గానీ జ్వరం ఉంటే నంబరు రాసుకుంటూ కూర్చోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కౌంట్స్, అంటే తెల్ల రక్తకణాలు, పడిపోయే రోజుల్లో, రెండో వారం అటూఇటూ, ఇది మరీ ముఖ్యం. నీరసంతో పాటు ఆయాసం వస్తే అది వేరే కథ. ఎర్ర మందు గుండెని దెబ్బతీయొచ్చు కాబట్టి వెంటనే చెప్పాలి. ఆయాసాన్ని నీరసం నంబరులో కలిపేయకూడదు.

జనం మర్చిపోయేవి రెండు. వాంతులకి కీమోతో పాటు డెక్సామెథసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్. ఇచ్చినన్ని రోజులు మనిషి హుషారుగా ఉంటారు, రాత్రి నిద్ర పట్టదు. ఆపగానే ఒక్కసారిగా కూలబడతారు. మీరు చెప్పిన మూడో రోజులో దాని వాటా కూడా ఉంటుంది. రెండోది ఓలాంజపిన్. వాంతులు రాకుండా రాత్రి పూట ఇచ్చే చిన్న మాత్ర. బాగా పనిచేస్తుంది, కానీ పగలంతా మత్తు. ఇంట్లోవాళ్ళు దాన్ని నీరసం అనుకుంటారు. ముంబై టాటా మెమోరియల్‌వాళ్ళు 10 మిల్లీగ్రాములకి బదులు 2.5 ఇచ్చి చూశారు. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. వాంతులు ఆపడంలో తక్కువ డోసు వెనకబడలేదు, పగటి మత్తు బాగా తగ్గింది. ఆ ట్రయల్‌లో ఏసీ తీసుకునే రొమ్ము క్యాన్సర్ రోగులు కూడా ఉన్నారు. అందుకని చార్టులో "నీరసం", "నిద్రమత్తు" రెండు వరుసలు పెట్టండి.

నిర్వాహకుడు | మంగళవారం సాయంత్రం 6:10

డాక్టర్ గారు ఒక అధ్యయనం సంగతి చెప్పారు, అంతే. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర సగం చేయడం, మానేయడం చేయొద్దు. మీ ఆంకాలజిస్ట్‌ని అడగండి. చర్చ కొనసాగించండి.

మామూలు మనిషి | మంగళవారం రాత్రి 9:00

సరే, ఒప్పుకుంటా, కొలవండి. నీరసం ఏడు అని తేలింది. రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది, మాత్రా మార్చారు. ఇంకా ఏడే. అప్పుడు? దీనికి మందుందా లేదా? మందు లేనిదాన్ని కొలిచి ఆవిడకి టెన్షన్ పెట్టడం తప్ప ఏం ఒరిగింది?

బీట్‌రూట్ సంగతి ఎవరూ మాట్లాడలేదు మరి.

వార్డు సిస్టర్ | మంగళవారం రాత్రి 11:45

అన్నయ్యా, బీట్‌రూట్ కూర వండుకుని తినండి, ఎవరూ కాదనరు. దాంతో కీమో వల్ల పడిన హిమోగ్లోబిన్ లేచి రాదు. కౌంట్స్ తక్కువ ఉన్న రోజుల్లో రోడ్డు మీద బండి దగ్గర రసాలు మాత్రం అస్సలు వద్దు. నాటుకోడి సూప్‌కి నా ఓటు, ప్రోటీన్ కావాలి.

మందు మాట మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మాత్రల్లో గట్టిగా పనిచేసేది లేదండి. పనిచేసేది నడక. 2017లో 113 అధ్యయనాలు కలిపి చూస్తే వ్యాయామం, కౌన్సెలింగ్ లాంటివి మందులకన్నా మెరుగ్గా నీరసాన్ని తగ్గించాయని తేలింది. నీరసంగా ఉన్న మనిషిని నడవమంటే ఇంట్లోవాళ్ళు మా మీదికి వస్తారు. మేము చెప్పేది వాకింగ్ ట్రాక్ గురించి కాదు, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి. ఇక్కడే నంబరు పనికొస్తుంది. ఎనిమిది ఉన్న రోజు పడుకోనివ్వాలి, నాలుగున్న రోజు లేపాలి. రాసి పెట్టకపోతే రెండు రోజులూ ఒకేలా కనిపిస్తాయి, రెండు రోజులూ పడుకోబెడతారు.

ఆరో సైకిల్ | బుధవారం మధ్యాహ్నం 1:10

సిస్టర్ చెప్పింది నూటికి నూరు. నాకు ఆరో రోజు తర్వాత మెల్లగా తేరుకుంటానని లెక్క తెలిశాక భయం సగం పోయింది. అంతకుముందు ఇక జీవితాంతం ఇలాగే ఉంటుందేమో అనుకునేదాన్ని. మామూలు మనిషి గారూ, నంబరు రాస్తే టెన్షన్ అన్నారు, నాకు రాయకపోతేనే టెన్షన్.

కృష్ణాతీరం | బుధవారం రాత్రి 9:30

ఒక కొత్త సంగతి బయటపడింది. అమ్మని నెమ్మదిగా అడిగితే చెప్పింది. "నీరసం ఎక్కువ అంటే మందు ఆపేస్తారట కదా, పక్క మంచం ఆవిడ చెప్పింది. ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది" అంది. అందుకే ఎంతున్నా నాలుగు దాటనివ్వట్లేదు. ఇది నిజమా? నీరసం వల్ల కీమో ఆపుతారా?

పాత స్టెతస్కోప్ | గురువారం ఉదయం 8:20

చాలామంది మనసులో ఉండేదే, బయటికి చెప్పరు.

కీమో ఆపాలా, వాయిదా వేయాలా అన్నది ఎక్కువగా రక్తకణాల కౌంట్, లివర్, కిడ్నీ రిపోర్టులు, ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నవాటి మీద నడుస్తుంది. నీరసానికి డాక్టర్లు వేసే గ్రేడు వేరే ఉంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది ఒకటి. విశ్రాంతితో తగ్గకుండా వంట, బజారు, డబ్బు లెక్కలు లాంటి పనులకి అడ్డొచ్చేది రెండు. స్నానం, బట్టలు, తినడం లాంటి సొంత పనులు కూడా చేసుకోలేకపోతే మూడు. మూడుకి వస్తే డోసు గురించి ఆలోచిస్తారు, అదీ ముందు కారణాలు వెతికాకే. నయం చేయడానికి ఇచ్చే కీమోలో డోసు తగ్గించడానికి ఏ ఆంకాలజిస్టూ తొందరపడడు.

దాచడం వల్ల వచ్చే నష్టం పెద్దది. నీరసం వెనక సోడియం పడిపోవడమో ఇన్ఫెక్షనో ఉంటే, అది ముదిరి అడ్మిట్ అయ్యాక కీమో నిజంగానే వాయిదా పడుతుంది. ఈ మాట మీరు కాదు, వాళ్ళ డాక్టరు చేత అమ్మగారికి చెప్పించండి. కొడుకు మాటకన్నా పక్క మంచం ఆవిడ మాటకే బరువు ఎక్కువ, దాన్ని కొట్టేయాలంటే తెల్లకోటు కావాలి.

అమీర్‌పేట్ సాస్ | గురువారం రాత్రి 10:00

దీనికి తోడు ఒక మంచి వార్త. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో 766 మందితో ఒక ట్రయల్ చేశారు, 2017లో ఫలితాలు చెప్పారు. అందరికీ కీమో నడుస్తోంది, అందరిదీ వేరే భాగాలకి పాకిన క్యాన్సర్. కొందరి దగ్గర వాళ్ళ బాధలు, అందులో నీరసం కూడా, కంప్యూటర్ ద్వారా ఎప్పటికప్పుడు తీసుకున్నారు. ఎక్కువైతే నర్సుకి మెసేజ్ వెళ్తుంది. మిగతావాళ్ళకి మామూలు పద్ధతి. రాసి చెప్పినవాళ్ళ మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది బతికున్న కాలం, 31 నెలలు, మిగతావాళ్ళది 26. మీ అమ్మగారి పరిస్థితి వేరు కాబట్టి ఆ నెలల లెక్క ఆవిడకి వర్తించదు. కానీ ఎక్కువ చెప్తే వైద్యం చెడుతుంది అన్న భయానికి ఇది గట్టి జవాబు.

స్కేళ్ళ గురించి ప్రైవేట్ మెసేజ్‌లో ఇద్దరు అడిగారు, ఇక్కడే చెప్తాను. ఆసుపత్రి ఫైల్లో స్కోరు చూసి కంగారుపడే ముందు అది ఏ ఫారమో చూడండి. ఫాసిట్ ఫటీగ్ అనే దానిలో 13 ప్రశ్నలు, గడిచిన వారం గురించి, మొత్తం 0 నుంచి 52. అందులో స్కోరు ఎక్కువైతే మంచిది. అంటే 45 వచ్చినావిడ బాగున్నట్టు, 20 వచ్చినావిడ కష్టంలో ఉన్నట్టు. మూడు నాలుగు పాయింట్లు మారితే మనిషికి తేడా తెలిసేంత మార్పు అంటారు. యూరప్‌వాళ్ళ క్యూఎల్‌క్యూ సీ30 దీనికి తలకిందులు. 30 ప్రశ్నల్లో మూడు నీరసానివి: విశ్రాంతి కావాల్సి వచ్చిందా, బలహీనంగా అనిపించిందా, అలసటగా ఉందా. ఒక్కోదానికి 1 నుంచి 4. ఉదాహరణకి 3, 2, 3 అని జవాబిస్తే సగటు 2.67, అందులోంచి ఒకటి తీసి మూడుతో భాగించి వందతో గుణిస్తే సుమారు 56. ఇక్కడ ఎక్కువైతే నీరసం ఎక్కువ. అదే ఫారమ్‌లో శారీరక సామర్థ్యం స్కోరు మాత్రం ఎక్కువైతే మంచిది. ఒకే కాగితం మీద రెండు దిక్కులు. కొత్తగా చేరిన ప్రోగ్రామర్లు ఇక్కడే బోల్తా పడతారు, మీకు అర్థం కాకపోతే మీ తప్పేం లేదు. సీ30 తెలుగు అనువాదం ఉంది, మీ ఆసుపత్రిలో అడిగి చూడండి.

స్టెప్ కౌంట్ | శుక్రవారం ఉదయం 6:45

సాస్ బ్రో, ఆ లెక్క చూస్తే ఇంజనీరింగ్ ఎం3 లెక్కల పేపర్ గుర్తొచ్చింది. బ్యాండ్ ఆఫర్ ఇంకా ఉంది.

కృష్ణాతీరం | కొన్ని వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మూడో సైకిల్ అంతా రాశాం. పాత క్యాలెండర్ వెనక గీతలు కొట్టి ఐదు వరుసలు పెట్టాం: ఈ రోజు నీరసం ఎక్కువైనప్పుడు ఎంత, నిద్రమత్తు ఎంత, ఇంటిపని ఎంత ఆగింది, రాత్రి నిద్ర, జ్వరం. నేను హైదరాబాద్‌లో ఉంటే పిన్ని రాసింది. అమ్మ చెప్పిందే రాయాలి, సరిదిద్దకూడదు అని పిన్నికి ముందే చెప్పాను. అయినా పక్కన చిన్న అక్షరాల్లో "అబద్ధం" అని రెండుచోట్ల రాసింది.

చార్టు చూస్తే మీరు చెప్పినట్టే ఉంది. నీరసం మొదటి రెండు రోజులు 4, మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా 7, 8. తర్వాత దిగుతూ వచ్చి రెండో వారం చివరికి 3. నిద్రమత్తు మాత్రం మొదటి రోజు నుంచే 8. రెండూ వేరువేరుగా కదిలాయి. డాక్టర్ గారు ముందు క్యాలెండర్‌ని పెద్దగా పట్టించుకోలేదు. నిద్రమత్తు వరుస చూశాక ఆగి, వాంతుల మాత్రలు ఏమేం వేస్తున్నారో అడిగారు. రాత్రి మాత్ర డోసు తగ్గించారు. థైరాయిడ్ పరీక్ష రాశారు, అది బాగానే వచ్చింది. "నీరసం చెప్తే మందు ఆపనమ్మా, చెప్పకపోతేనే నాకు ఇబ్బంది" అని ఆయన నోటితో అనిపించాం. స్టెతస్కోప్ సార్, తెల్లకోటు పనిచేసింది.

కాగితం పట్టుకొచ్చే అమ్మాయి ఈసారి కూడా "ఇప్పుడు ఎంత" అనే అడిగింది. అమ్మ "ఇప్పుడు మూడు, మొన్న ఎనిమిది, రెండూ రాసుకో" అంది. ఆ ఫారమ్‌లో ఒకటే గడి ఉందట. మార్జిన్‌లో రాసుకుంది.

మామూలు మనిషి | ఆదివారం రాత్రి 9:50

పిన్ని గారికి నా నమస్కారాలు. నా తరఫున కూడా ఒక "అబద్ధం" రాయమనండి.

పెన్నా ఒడ్డు | సోమవారం ఉదయం 10:30

చర్చ మొత్తం చదివాను. మాది నెల్లూరు. నాన్నకి నోటి క్యాన్సర్, రేడియేషన్ మొదలవుతోంది, దాంతో పాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. ఆయనకీ ఇలాగే మూడో రోజు, ఆరో రోజు అని చూడాలా? నోట్లో పుండ్లు పడితే మాట్లాడటం కష్టమవుతుందన్నారు. చదువు కూడా తక్కువ.

వార్డు సిస్టర్ | సోమవారం మధ్యాహ్నం 2:40

మీ నాన్నగారిది వేరే తీరు అండి. రేడియేషన్ నీరసం ఆరేడు రోజుల్లో ఎక్కి దిగేది కాదు. వారం వారం పేరుకుంటూ పోతుంది, చివరి వారాల్లో, అయిపోయిన కొత్తలో ఎక్కువగా ఉంటుంది. తర్వాత కొన్ని వారాలు పడుతుంది తగ్గడానికి. రోజూ రాయాల్సిన పని లేదు, వారంలో రెండు రోజులు చాలు. సిస్‌ప్లాటిన్ ఎక్కించిన రెండో రోజు ఒకటి, ఆదివారం ఒకటి. ఆ రెండు రోజులూ మార్చకండి. ఆయనకి బరువు కూడా రాయండి, ప్రతి వారం అదే తూకం మీద. నోటి పుండ్లతో తినలేక వచ్చే నీరసం వీళ్ళలో ఎక్కువ, బరువు చూస్తే తెలిసిపోతుంది. మూత్రం తగ్గినా, నీళ్ళు మింగలేకపోయినా ఆ రోజే ఫోన్ చేయండి, సిస్‌ప్లాటిన్‌కి కిడ్నీల సంగతి ముఖ్యం.

మాట్లాడలేకపోతే వేళ్ళు చూపించమనండి, పది వేళ్ళూ ఉన్నాయి కదా. నంబరు ఆయనకి పట్టకపోతే పని పేరు పెట్టి అడగండి. ఈ రోజు స్నానం సొంతంగా చేశారా, గేటు దాకా వచ్చారా, పేపర్ చూశారా. అవును, కాదు అని తల ఊపితే చాలు, అదే రాసుకోండి. మొదటి వారం అన్నిటికీ అవునంటారు. మొదటి "కాదు" ఏ వారంలో వచ్చిందో డాక్టర్ గారికి చెప్పండి.